చిరంజీవి భాస్కర్‌కు

చిత్తూరు

చిరంజీవి భాస్కర్‌కు నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. తోతాపురి కోత ముగిసింది, ఎండుకొమ్మలు తీయించే పని మిగిలింది. వానలు రాకముందే నువ్వు తిరుపతిలో చెట్లు కోసే గొలుసు రంపం మిషన్లు రెండు చాలా చవకగా కొన్నావని పాకాల మామ చెప్పారు. నువ్వు ఫోను ఎత్తి ఉంటే ఆ సంగతి నిన్నే అడిగేవాణ్ణి.

2021 నవంబరు వానల వంటివి మళ్ళీ వస్తే కూలిన చెట్లను తీసే పని నీకు ఒక్కసారిగా మీదపడుతుందని, అందుకే తొందరపడ్డావని నాకు తెలుసు. వేళకు తింటున్నావా? మీ అమ్మ నిమ్మకాయ ఊరగాయ పంపుతోంది, జాడీ మూత గట్టిగా పెట్టుకో.

మన అడితిలో ఉండిన పెద్ద మేస్త్రీ నీకు గుర్తుండే ఉంటాడు. పీలేరు దారిలో ఒక పాత చింతచెట్టు కోయడానికి గుత్తేదారు ఆయన చేతికి చవక మిషన్ ఇచ్చాడు. చింత చేవకు ఆ గొలుసు పళ్ళు కాసేపటికే మొద్దుబారాయి, పొట్టు రావలసిన చోట పిండి రాలసాగింది. మొద్దు గొలుసుతో కోయాలంటే మిషన్‌ను బలంగా అదమాలి, అలా అదుముతుండగా గొలుసు తిరిగే పొడవాటి బార్ మూతి పైభాగం వెనక ఉన్న కొమ్మకు తగిలి మిషన్ ఆయన మీదికే ఎగిరింది. అటువంటప్పుడు ముందరి గార్డు మణికట్టుకు తగిలి, బ్రేకు గొలుసును ఆపాలి. అది ఆపలేదు. బ్రేకు పట్టీ ఎప్పుడో అరిగిపోయిందని, విడిభాగం ఎక్కడా దొరక్క అలాగే నడిపిస్తున్నారని తరువాత తెలిసింది. తొడ తెగింది. ప్రాణం దక్కినా ఆయన మళ్ళీ చెట్టెక్కలేదు.

ప్రతి వస్తువూ ఖరీదైనదే కొనమని నేను అనను. గొడ్డలి, కత్తి, నిచ్చెన ఊళ్ళో చేయించినవే చాలు. కానీ మిషన్, గొలుసు, మోకు, హెల్మెట్, కాళ్ళకు వేసుకునే రక్షణ తొడుగు, వీటి దగ్గర బేరం చూడవద్దు. కొన్న మిషన్లకు విడిభాగాలు తిరుపతిలోనే దొరుకుతాయో లేదో ముందు విచారించు. దొరకకపోతే అవి తిరిగి ఇచ్చెయ్యి, నష్టం ఎంతయినా నేను భరిస్తాను. రంపం అంచు తగిలి ఒక్క పోగు తెగిన మోకును కూడా చెట్టెక్కడానికి వాడవద్దు, మోకుపై పెట్రోలు పడనివ్వవద్దు. మంచి మిషన్లకు సాధారణంగా లీటరు పెట్రోలులో 20 మిల్లీలీటర్ల టూ స్ట్రోక్ ఆయిల్ కలుపుతారు, చవకవాటిలో చాలావాటికి 40 మిల్లీలీటర్లు అడుగుతారు. మిషన్‌తో వచ్చిన పుస్తకం చూసే కలుపు, పనివాళ్ళ అంచనాకు వదలవద్దు.

నేను పొడవుగా చెబుతున్నానని విసుక్కోకు. ఆ మిషన్ల బ్రేకు పనిచేస్తోందో లేదో ఈ రాత్రే పరీక్షించి నాకు చెప్పు.

గొలుసు పళ్ళకు పదును పెట్టుకోవడానికి మామ చేతికి 4 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి ఇచ్చాను. చిన్న మిషన్ గొలుసుకు అది సరిపోవచ్చు, పెద్దదానికి 4.8 కావలసి వస్తే, గొలుసు మీద ఉన్న అంకె చూసి చెప్పు, కొని పంపుతాను.

ఇట్లు,
నాన్న