బోర్డు మడుగు ఒడ్డున కాదు, బాట మొదట్లో ఉండాలి

సంపాదకులు గారికి,

అడవి బాటల వెంట ఉండే చిన్న జలపాతాల దగ్గర ఎవరైనా మునిగిపోతే జరిగేవి రెండే. మడుగు ఒడ్డున 'ప్రమాదం, లోతు ఎక్కువ' అని బోర్డు పాతుతారు. దారికి అడ్డంగా గేటు కడతారు. అంతదూరం నడిచి నీళ్ల దాకా వచ్చినవాడు బోర్డు చూసి వెనక్కి పోడు. గేటు పెడితే పొదల్లోంచి కొత్త దారి పడుతుంది. అది చాలాసార్లు జలపాతం కిందికి కాక పైఅంచుకే తీసుకెళ్తుంది. అసలు జారకూడని చోటు అదే.

'లోతు ఎక్కువ' అంటే ఈత వచ్చినవాళ్లు లెక్కచేయరు. వాళ్లకు చెప్పాల్సింది ధార పడే చోటు గురించి. అక్కడి నురుగు నిండా గాలే కాబట్టి మనిషి మామూలు నీళ్లలో తేలినట్టు తేలడు, చేతులు ఎంత ఆడించినా పట్టు దొరకదు. అడుక్కి దిగిన నీరు పైకి లేచి, కొంత మళ్లీ ధార వైపే తిరుగుతుంది, చిక్కినవాణ్ని అక్కడికే లాగుతుంది. ఇక పైనుంచి దూకడం. 5 మీటర్ల ఎత్తు నుంచి దూకితే నీటిని తాకేసరికి వేగం గంటకు 35 కిలోమీటర్లు దాటుతుంది. నిరుడు ఖాళీగా ఉన్న చోటికి ఈ ఏటి వరద బండనో దుంగనో దొర్లించి ఉండొచ్చు, నురుగు కింద అది కనపడదు.

రెండో ముప్పు ఎగువ నుంచి వస్తుంది. మడుగు మీద ఎండ కాస్తున్నా పైన కొండల్లో వాన పడితే వాగు నిమిషాల్లో పెరగొచ్చు. తేట నీరు మట్టిరంగుకు తిరగడం, ఆకులూ పుల్లలూ గుంపుగా కొట్టుకురావడం, హోరు పెరగడం దాని గుర్తులు. అప్పుడు సామాన్ల కోసం ఆగకూడదు, వాగు వెంట కిందికి పరుగెత్తకూడదు. పక్కనున్న గట్టెక్కాలి. ఉరవడి ఉంటే 15 సెంటీమీటర్ల నీరే పెద్దవాళ్లను పడగొట్టగలదు. వేగం రెట్టింపైతే తోపు నాలుగు రెట్లవుతుంది. పాకుడు పట్టిన రాయి మీదైతే చెప్పులే కాదు, మంచి బూట్లు కూడా నిలవవు.

అందుకే బోర్డు నడక మొదలయ్యే చోట, బండ్లు ఆపే దగ్గరే ఉండాలి. 'నిషేధం' అన్న ఒక్క మాట కాకుండా కారణం చెప్పాలి. వాగు దాటే ప్రతిచోటా ఏదో ఒక బండ మీద ఎర్రగీత గీసి 'గీత మునిగితే దాటొద్దు' అని రాస్తే చదవడం రాని పిల్లలకూ చూపించవచ్చు. గీత ఎంత ఎత్తులో ఉండాలో ఆ వాగును ఏళ్లుగా చూస్తున్న వాచర్లను అడగాలి, ఆఫీసులో కూర్చుని కొలతలేస్తే కుదరదు.

మడుగు దగ్గర ఉండాల్సింది 15–20 మీటర్ల తేలే తాడు. పాలీప్రొపిలీన్ తాడు తేలుతుంది, నైలాన్ మునుగుతుంది. కొనేవాళ్లు ఈ తేడా చూడాలి. మునుగుతున్నవాడి కోసం దూకినవాళ్లూ పోవడం కొత్త కాదు గనుక ముందు తాడు విసరాలి, లేదా కర్ర అందించాలి. బయటికి తీశాక పొట్ట నొక్కి నీళ్లు కక్కించే అలవాటు మానాలి, కక్కింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. శ్వాస లేకపోతే ముందు నోటితో ఊపిరి ఊది, తర్వాత ఛాతీ మధ్యలో 30 సార్లు నొక్కి 2 సార్లు ఊదుతూ సాయం వచ్చేదాకా ఆపకూడదు. లోయల్లో ఫోన్ సిగ్నల్ తరచూ అందదు కాబట్టి, సిగ్నల్ దొరికే దగ్గరి చోటు ఏదో కూడా బోర్డు మీదే రాయాలి.

బాట సంగతి ఒక్కమాట. బురదను తప్పించుకోవాలని జనం పక్కకు జరిగే కొద్దీ దారి వెడల్పై చెట్ల వేళ్లు బయటపడతాయి. బురద చోట్ల రాళ్లు పరిచి, వాననీరు పక్కకు పోయేలా దారికి ఏటవాలుగా కాలువలు తీస్తే చాలావరకు ఆగుతుంది.

ప్రతి వరదకూ మడుగు అడుగు మారుతుంది, ఎండకు తాడు పెళుసెక్కుతుంది. కనుక వానాకాలానికి ముందోసారి, తర్వాతోసారి గీతనూ తాడునూ తనిఖీ చేసే బాధ్యత ఎవరిదో అటవీ అధికారులు పేరు రాసి అప్పగించాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు