కందిపొడి మీద ‘నూనె ఫ్రీ’ స్టిక్కర్ తీసేశాం

చెన్నై టి.నగర్‌లోని మా షాపులో కిలో కందిపొడి కొన్నవారికి ఇచ్చే చిన్న నువ్వుల నూనె సీసా ఈ నెల నుంచి ఉండదు. పొడి ధర పెరగలేదు, తూకం తగ్గలేదు.

ఇంతటితో ఊరుకుందామనుకున్నాను. కానీ కౌంటర్ దగ్గర ఒకావిడ, “ఇన్నాళ్లూ మా డబ్బులతోనే ఇచ్చి ఫ్రీ అన్నారా?” అని అడిగారు. చాలా బాధేసింది. ఆ సీసాకి మీ దగ్గర పైసా తీసుకోలేదు. తన సరుకు చెన్నైలో నలుగురికీ తెలియాలని నూనె మిల్లాయన సీసాలు ఊరికే పంపేవారు, మేమూ ఊరికే ఇచ్చాం.

పండక్కి ముందు ఆయన ఫోన్ చేసి, ఇకనుంచి సీసాకి డబ్బులివ్వాలన్నారు. అది న్యాయమే, ఎంతకాలమని ఇస్తారు? కానీ ఆ తర్వాత, “ఆ ఖర్చు పొడి రేటులో కలిపేయండి. స్టిక్కర్ అలాగే ఉండనీయండి, ఎవరు చూడొచ్చారు?” అన్నారు. కుదరదన్నాను. దాంతో మేం డబ్బు కట్టి కొనుక్కునే నూనె డబ్బాలు కూడా ఆపేశారు, అదీ సరిగ్గా పండగ వారంలో. ఇన్నేళ్లుగా బాకీ లేకుండా కట్టినందుకు దక్కిన మర్యాద అది.

కుదరదన్నానే గానీ రాత్రుళ్లు నిద్ర పట్టలేదు. టి.నగర్‌లో ఫ్రీ అన్న మాట కనిపిస్తే జనం ఆగుతారు, లేకపోతే పక్క షాపుకి పోతారు. మా ఆయన అమ్మకాల లెక్కలు తీసి చూపించారు. స్టిక్కర్లు వేసే ప్రెస్సాయన, “ఇలవశం వద్దనుకుంటే విలైయిల్లా అని వేద్దాం మేడమ్” అన్నారు. తమిళంలో ‘ఇలవశం’ అంటే ఉచితం, ‘విలైయిల్లా’ అంటే వెల లేనిది. 2006లో వచ్చిన డీఎంకే ప్రభుత్వం కలర్ టీవీలను ‘ఇలవశం’ అని ఇస్తే, 2011లో అన్నాడీఎంకే ప్రభుత్వం మిక్సీలు, గ్రైండర్లు, ఫ్యాన్లను ‘విలైయిల్లా’ అని పంచింది. మాట మర్యాదగానే ఉంది. కానీ వాటి ఖర్చు ఖజానాది అని అందరికీ తెలుసు. ఇక్కడ మీకు తెలియకుండా మీ చేతే కట్టించమంటున్నారు.

ఆడిటర్‌ని కూడా అడిగాను. ప్యాకేజీ ధరలో కలిసిపోయిన వస్తువుని ఫ్రీ అని చెప్పకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూన్‌లో తెచ్చిన మార్గదర్శకాల్లోనే ఉందట. ‘ఒకటి కొంటే ఒకటి ఫ్రీ’ అంటే ఒకే ధరకి రెండు వస్తువులు అమ్మినట్టేనని 2019 మార్చిలో జీఎస్టీ సర్క్యులర్ కూడా చెప్పిందన్నారు. అవి వినకముందే నేను నిర్ణయించుకున్నాను. విన్నాక మా ఆయన కూడా లెక్కల కాగితం పక్కన పెట్టేశారు.

రుచి చూడ్డానికి పెట్టే పొడి, ఆవకాయ ముద్ద ఎప్పటిలాగే ఉంటాయి, కొన్నా కొనకపోయినా. విడిగా తూచినప్పుడు వేసే కొసరూ ఉంటుంది. దానికి మేమెన్నడూ స్టిక్కర్ వేయలేదు. నూనె ఇప్పుడు వేరే గానుగ నుంచి తెస్తున్నాం, దాని ధర దాని సీసా మీదే ఉంటుంది. కావాలంటేనే కొనండి.

పండగ వారంలో నూనె అందక స్లిప్ తీసుకెళ్లినవారు ఆ స్లిప్ తెండి. కొత్త గానుగ నూనె సీసా ఇస్తాం. దాని ఖర్చు మాదే, పొడి ధరలో కలపం.