కాస్టెలొరిజో వారసుల సంఘం: జనాభా రికార్డుల విభాగం వార్షిక నివేదిక

సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది మన పని ఎక్కువగా ఇళ్ల జాబితా మీదే సాగింది. కాస్టెలొరిజో టర్కీ తీరానికి ఎదురుగా ఉన్న చిన్న గ్రీకు దీవి. పంతొమ్మిదో శతాబ్దం చివర దాదాపు పదివేల మంది ఉన్న ఆ దీవిలోని ఊరిలో 1920ల చివరికి మిగిలింది మూడువేల మందికి అటూఇటూ. అప్పుడు కాపురాలున్న ఇళ్లు 730. ఖాళీగానో శిథిలంగానో పడి ఉన్నవి 675. అంటే రెండో ప్రపంచయుద్ధంలో బాంబులు పడకముందే ఊరు సగం ఖాళీ. ఆవిరి ఓడలొచ్చి తెరచాప ఓడల వ్యాపారం దెబ్బతింది, ఎదురుగా ఉన్న అనటోలియా (టర్కీ) తీరంతో రాకపోకలు తెగాయి, 1926లో భూకంపం వచ్చింది. 1943లో జనాన్ని సైప్రస్‌కు, అక్కడినుంచి గాజాకు తరలించారు. మరుసటి ఏడాది అగ్నిప్రమాదం చాలా ఇళ్లను మింగింది. 1945లో తిరిగొస్తుండగా ఎంపైర్ పాట్రోల్ (Empire Patrol) అనే ఓడ అంటుకొని 33 మంది చనిపోయారు. బతికినవారిలోనూ చాలామంది ఆస్ట్రేలియా దారి పట్టారు.

వెతకడంలో ఎక్కువమంది తప్పేది ఒకేచోట: తాత ఇంటిపేరు పట్టుకుని ఇల్లు వెతుకుతారు. ఇక్కడ ఇల్లు కూతురికి కట్నంగా వెళ్లేది. కాబట్టి అమ్మ, అమ్మమ్మ, ఆమె తల్లి వరుసలో వెనక్కి వెళ్లండి. మగపిల్లలకు తాత పేరు పెట్టే ఆచారం వల్ల ఒకే పేరుతో నలుగురు అన్నదమ్ముల పిల్లలు దొరుకుతారు. తండ్రి పేరు కూడా రాయకపోతే వాళ్లను విడదీయలేం. ఇటాలియన్ పాలన కాగితాల్లో, ఆస్ట్రేలియా రేవు పత్రాల్లో పేర్ల వర్ణక్రమం మారిపోయింది. దొరికిన రూపాలన్నీ రాయండి, సరిదిద్దకండి.

తేదీలదీ ఇదే గొడవ. చర్చి బాప్టిజం పుస్తకంలో పాత (జూలియన్) క్యాలెండర్ ఉంటే ఇరవయ్యో శతాబ్దపు తేదీకి 13 రోజులు, పంతొమ్మిదో శతాబ్దపు తేదీకి 12 కలపాలి. చర్చి క్యాలెండర్ మారిన 1924 ప్రాంతపు నమోదులను మాత్రం ఏ క్యాలెండరో తేల్చుకోకుండా మార్చకండి.

ఇప్పటి జనాభా ఐదారు వందలు. ఆగస్టులో రేవు కిటకిటలాడుతుంది గానీ అది సెలవుల రద్దీ, దాన్ని లెక్కలో కలపకూడదు. మన జాబితాకు ఆధారం జనవరిలో పొయ్యి వెలిగే ఇల్లే. కిటికీలకు రంగు కొత్తగా ఉన్నంత మాత్రాన కాపురం ఉన్నట్టు కాదు, వేసవికి వచ్చేవాళ్లే బాగు చేయించుకుని ఉండొచ్చు.

ఫారం పంపేటప్పుడు ఇంటి ఫోటో వీధివైపు నుంచి ఒకటి, వాన నీటి తొట్టి ఉంటే దానిది ఒకటి జతచేయండి. వారసులు ఇద్దరు ముగ్గురు ఉంటే అందరి పేర్లూ ఒకే ఫారంలో రాయండి. విడివిడిగా పంపితే ఒక్క ఇల్లే రెండు మూడుగా నమోదవుతోంది.