మజ్జిగ ఆపేశాం, నీళ్లు ఆపలేదు

మన హోటల్ ముందు చలివేంద్రంలో సోమవారం నుంచి మజ్జిగ లేదు. నీళ్లు ఉన్నాయి, ఎండలు తగ్గేదాకా ఉంటాయి. ఎందుకు ఆపారని గల్లాపెట్టె దగ్గర అడిగిన వాళ్లకి తలా ఒక ముక్క చెప్పాను. ఆ ముక్కలన్నీ కలిసి గోకవరం బస్టాండు దాటేసరికి వేరే కథ అయ్యాయి. అందుకే మొత్తం ఒకేచోట రాస్తున్నాను.

గిట్టుబాటు కాక మానేశారని ఒకరన్నారు. పేరు వచ్చేసిందిగా, ఇంక మజ్జిగెందుకని ఇంకొకరు. ఆ రెండో మాట అన్నాయన ఏళ్ల తరబడి మన పెసరట్టు తింటున్న మనిషి. అయ్యా, ఆ బోర్డు మీద హోటల్ పేరే లేదు. ‘చలివేంద్రం’ అని ఒక్క మాట ఉంది. రేపు పొద్దున్న టిఫినుకి వచ్చినప్పుడు తల ఎత్తి చూడండి.

అసలు సంగతి పెరుగుది. మజ్జిగకీ, ఆవడలకీ ఒకే ఏజెంటు దగ్గర బకెట్లు తీసుకునేవాళ్లం. ఆయన పేరు రాయను. ఉగాదికి మొదలుపెట్టినప్పుడు సరుకు బాగానే వచ్చింది. ఎండలు ముదిరేకొద్దీ తెల్లారుజామున రావాల్సిన బండి తొమ్మిది దాటాక రావడం మొదలైంది. ఈ ఎండలో ఆటో వెనకాల పెరుగు అంతసేపు తిరిగితే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. మూతలు ఉబ్బి వచ్చేవి. ఫోన్ చేస్తే ట్రాఫిక్ అనేవాడు, కరెంటు పోయిందనేవాడు, రేపటి నుంచి చూడండమ్మా అనేవాడు. చూశాను.

ఒకరోజు రెండు రకాల బకెట్లు దించారు. కొన్నిటి మీద తేదీ ఉంది. కొన్నిటి మీద లేబులు చింపేసి ఉంది. ఇదేంటని దించే కుర్రాణ్ణి అడిగితే, "అవి ఆవడలకండి, ఇవి మజ్జిగకండి" అన్నాడు. పాపం, వాడికి చెప్పిందే వాడు చెప్పాడు. ఏజెంటుకి ఫోన్ చేశాను. "ఊరికే పోసేదానికి ఇంత చూసుకుంటారేంటమ్మా? నీళ్లు కలిపి ఉప్పేస్తే ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు.

ఆ మాట ఇప్పటికీ మింగుడు పడలేదు. మనం అల్లం, పచ్చిమిర్చి దంచి, దబ్బాకు నలిపి వేసేది రుచికి, పులుపు కప్పడానికి కాదు. ఆ మజ్జిగ తాగేది ఎవరు? రంపచోడవరం, మారేడుమిల్లి వైపు నుంచి పెద్దాసుపత్రికి వచ్చేవాళ్లు, మూటలు దించే హమాలీలు, ఎండలో నిలబడే హోంగార్డులు. మీకైతే చట్నీలో ఉప్పు ఎక్కువైతే ప్లేటు పట్టుకుని వంటింట్లోకే వచ్చేస్తారు. వాళ్లు రారు. మజ్జిగ పులిసి రాత్రికి కడుపులో తేడా చేసినా, ఏ హోటల్ ముందు తాగామో గుర్తుండదు. ఆ ఏజెంటు ధీమా కూడా అదే.

బకెట్లన్నీ తిప్పి పంపించాను. ఆ తర్వాతే టెన్షన్ మొదలైంది. వేరే డెయిరీ వాళ్లు చెప్పిన రేటుకి మజ్జిగ పోయాలంటే ఇడ్లీ మీదో, అట్టు మీదో రూపాయో రెండో వేయాలి. మీ దగ్గర తీసుకుని నేను దానం చేసినట్టు కనపడటం నాకు ఇష్టం లేదు. ఒక రియల్ ఎస్టేట్ ఆయన ఖర్చంతా పెట్టుకుంటానన్నారు, పందిరికి మూడు వైపులా ఆయన ఫ్లెక్సీలు కడితే చాలట. వద్దన్నాను. మా ఆయన పల్చగా చేద్దామన్నారు, లేకపోతే వారానికి మూడు రోజులు పోద్దామన్నారు. బస్సు దిగి గ్లాసు పట్టుకొచ్చిన మనిషికి ఇవాళ మజ్జిగ రోజు కాదని ఎవరు చెప్తారు? రాత్రిళ్లు ఇదే గొడవ. పిల్లలు కూడా విసుక్కున్నారు. చివరికి ఈ వేసవికి పూర్తిగా ఆపేద్దామన్నది నేనే. మా ఆయనకి ఇప్పటికీ ఇష్టం లేదు, మీలో చాలామందికీ లేదని తెలుసు. అయినా మార్చను.

2015 మే నెల వడగాడ్పులకి రెండు రాష్ట్రాల్లో కలిపి వెయ్యిమందికి పైగా పోయారు. ఆ మరుసటేడే ఈ పందిరి వేశాం, అప్పుడూ నీళ్లతోనే. మజ్జిగ తర్వాత వచ్చింది. ఇప్పుడు కుండలు పెంచాం. కొత్త కుండని ఒక రోజంతా నానబెట్టి, తడి ఇసకలో కుదురుగా పెట్టి, గోనెపట్టా చుట్టి తడుపుతున్నాం. మన గోదావరి గాలిలో తేమ ఎక్కువ కాబట్టి పల్నాడులో చల్లబడినంతగా చల్లబడవు. అయినా ఫ్రిజ్ నీళ్ల కంటే గొంతుకి హాయి. నీళ్లు మన కాఫీకి వాడే ఫిల్టర్ నీళ్లే. చేతులు ముంచకుండా పొడవు కాడ గరిటెతో ఒక్కరే పోస్తారు. ప్లాస్టిక్ గ్లాసులు 2022 జూలై 1 నుంచి ఎలాగూ నిషేధం, మనవి మొదటి నుంచీ స్టీలువే. కళ్లు తిరుగుతున్నాయన్న వాళ్ల కోసం ఓఆర్ఎస్ ప్యాకెట్లు గల్లా దగ్గర ఉంచాం. చిన్న ప్యాకెట్లు కూడా వస్తున్నాయి కాబట్టి ఎన్ని నీళ్లలో కలపాలో దాని మీద చూసే కలపాలి. ప్యాకెట్ లేకపోతే లీటరు నీళ్లకి ఆరు టీ చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. చెంచాలు తలకొట్టి కొలవాలి.

కొందరు ఫోన్‌పేలో డబ్బులు పంపారు. వెనక్కి వేసేశాను, కోపం తెచ్చుకోకండి. నాకు కావాల్సింది మనుషులు. పన్నెండు నుంచి రెండు దాకా హోటల్లో భోజనాల రద్దీ, సరిగ్గా అప్పుడే కుండల దగ్గర జనం. వారంలో ఒక్క గంట గరిటె పట్టుకుని నిలబడగలిగితే వచ్చి చెప్పండి. రాలేనివాళ్లు మీ గేటు బయట ఒక కుండ పెట్టి, రోజూ కడిగి నింపండి. పార్శిళ్లు తెచ్చే కుర్రాళ్లు, చెత్తబండి వాళ్లు తాగుతారు. పందిరీ, రిబ్బను కత్తిరించడాలూ ఏం అక్కర్లేదు.

ఆవడలు గురువారం నుంచి మళ్లీ ఉంటాయి, పాత రేటే. పాలు తెచ్చి మేమే తోడు పెడుతున్నాం. మన ఫ్రిజ్‌కి, మన గిన్నెలకి ఆవడల వరకే సరిపోతుంది, మజ్జిగకి చాలదు. పెద్ద ఫ్రిజ్ కొనగలిగితే వచ్చే ఉగాదికి చూస్తాను, మాట మాత్రం ఇవ్వను. రోజూ కొన్నే చేస్తాం కాబట్టి తొమ్మిదిన్నర దాటాక వచ్చి నన్ను తిట్టకండి.

ఆ ఏజెంటు మొన్న మళ్లీ ఫోన్ చేశాడు, రేటు తగ్గిస్తాడట. ఆయన పాత ఖాళీ బకెట్లు కొన్ని ఇంకా మా దొడ్లో పడి ఉన్నాయి. ఆయనెవరో తెలిసినవాళ్లుంటే, వచ్చి పట్టుకెళ్లమని ఆయనకి చెప్పండి, గిన్నెలు తోముకోవడానికి చోటు చాలడం లేదు.