నల్లగొండ పెద్దాస్పత్రి నర్సక్కకు

ఆపరేషన్‌కు ముందు రాత్రి మా నాయినకు నిద్ర పట్టలేదు. బైబిలు దిండు కిందనే ఉంది, కళ్లద్దాలు మాత్రం దేవరకొండలో ఇంట్లో ఉండిపోయాయి. డ్యూటీ దిగి, బ్యాగు భుజానికి తగిలించుకున్నాక కూడా మీరు ఆగారు. స్టూలు జరుపుకుని, పక్క మంచాల వాళ్లకు ఇబ్బంది కాకుండా, యోహాను సువార్త 11వ అధ్యాయం ఆయనకు చదివి వినిపించారు.

"పునరుత్థానమును జీవమును నేనే" అని యేసు అన్నకాడ నాయిన మిమ్మల్ని ఆపాడు. "గా మాట దేవుడే అనాలె గద బిడ్డా?"

"అవు నాయినా, గందుకే ఆయనెవరో తెలుస్తది. బతికిస్తా అని ఊకోలే, బతుకే నేను అన్నడు. సచ్చిపోయిన లాజరు ఇంకా సమాధిలనే ఉండంగ, ఆయన తోబుట్టువు మార్తను అడిగిండు, గీ మాట నమ్ముతున్నవా అని."

మీ భర్త పోయిననాడు ఆ ప్రశ్నకు ఏడ్చుకుంటనే అవునన్నానని చెప్పారు. చిన్నప్పటి నుంచి చర్చిలో ఎన్నో సాక్ష్యాలు విన్నాను గానీ, ఇంత నెమ్మదిగా, ఎదుటి మనిషి భయం చూసి చెప్పిన సాక్ష్యం ఇదే. నాయిన మీ చేయి పట్టుకుని నిద్రపోయాడు. మీ ఆఖరి బస్సు పోయిందని తర్వాత వాచ్‌మన్ చెబితే తెలిసింది.

ఆయన కోలుకుంటున్నాడు. మీకు వందనాలు అక్కా. మీ కోసం రోజూ ప్రార్థన చేస్తున్నాడు.