నాన్నగారి హార్డ్ డిస్క్ తెరుచుకుంది – ఆ పెద్దాయనకు కృతజ్ఞతలు

నాన్నగారి ఫైళ్లన్నీ దొరికాయి. ఫోన్లు చేసి అడుగుతున్న అందరికీ ఒకేసారి చెబుతున్నాను. సరిగ్గా నిద్ర లేదు, రాతలో తప్పులుంటే మన్నించండి.

అది 2004లో కొన్న కంప్యూటర్‌లోని 40 జీబీ ఐడీఈ (పాతకాలపు కనెక్షన్) డిస్క్. వెడల్పాటి రిబ్బన్ కేబుల్, 40 పిన్నులు. ఇప్పటి ల్యాప్‌టాప్‌కి దాన్ని నేరుగా తగిలించే దారే లేదు. యూఎస్‌బీ అడాప్టర్ కొని పెడితే డిస్క్ తిరుగుతున్న చప్పుడు వస్తోంది గానీ స్క్రీన్ మీద ఏమీ కనబడదు. రిటైరయ్యాక నాన్నగారు విజయనగరం, శ్రీకాకుళం పల్లెల్లో తిరిగి రాసుకున్న జముకుల కథలు (జముకు అనే వాద్యం వాయిస్తూ పాడేవి), పాడినవాళ్ల గొంతులు అన్నీ అందులోనే. పాడినవాళ్లలో చాలామంది లేరు. నాన్నగారూ లేరు.

ఒక పెద్ద సర్వీస్ సెంటర్‌లో డిస్క్‌ని చేతిలోకైనా తీసుకోకుండా "డెడ్ అయిపోయింది మేడమ్, రికవరీకి అడ్వాన్స్ కట్టండి, గ్యారంటీ మాత్రం ఇవ్వలేం" అన్నారు.

ఆ తర్వాత సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఓ ఇరుకు షాపుకి వెళ్లాను. పెద్దాయన కళ్లజోడు సర్దుకుని డిస్క్ వెనక వైపు చూశారు. పిన్నుల మీది బుల్లి జంపర్ (డిస్క్ సెట్టింగ్ మార్చే క్లిప్పు) స్లేవ్‌లో, అంటే రెండో డిస్క్‌గా ఉందట, అడాప్టర్‌కి అది మాస్టర్‌లో, అంటే మొదటి డిస్క్‌గా ఉండాలట. పట్టకారుతో తీసి మార్చారు. "దీని మోటారుకి 12 వోల్టులు కావాలమ్మా, యూఎస్‌బీలో వచ్చేది 5. మీ అడాప్టర్ పవర్ నమ్మొద్దు" అని పాత ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కి కరెంటిచ్చే పెట్టె) నుంచి కరెంటు ఇచ్చారు.

డ్రైవ్ కనిపించింది! నేను ఆత్రంగా తెరవబోతే ఆపారు. "పాతది, ఎప్పుడు ఆగిపోతుందో తెలీదు. ముందు మొత్తం కాపీ తీద్దాం, ఏం చేసినా కాపీ మీదే" అన్నారు. కొన్ని చోట్ల చదవలేక ఆగి ఆగి నడిచింది. షాపు మూసే వేళ దాటినా ఆయన కదల్లేదు. అంతా అయ్యాక ఒక్క ఫైలూ తెరవకుండా స్క్రీన్ నావైపు తిప్పి, "ఇవి మీ ఇంటివమ్మా, మీరే చూసుకోండి. నేను టీ తాగొస్తా" అని బయటికెళ్లిపోయారు.

ఆ మాటకి నాకు ఏడుపు ఆగలేదు. అన్నిచోట్లా టోకెన్ నంబర్‌గానే నిలబడ్డదాన్ని. వైరు ఖరీదు తప్ప రూపాయి తీసుకోలేదు. పేరు రాయొద్దన్నారు. అయ్యా, మీకు వెయ్యి దండాలు.

మావారు, తమ్ముడు వెన్నంటే ఉన్నారు, వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

డిస్క్ తెరుచుకున్నా కష్టం తీరలేదు. నాన్నగారు టైప్ చేసింది పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో, అనూ అనే తెలుగు ఫాంట్లతో. ఇప్పుడు అన్నిచోట్లా వాడే యూనికోడ్ కాదు కాబట్టి తెలుగుకి బదులు పిచ్చి గుర్తులొచ్చాయి. పోర్టులు మార్చేస్తారు, ఫాంట్లు మార్చేస్తారు, పాతవి ఏమవుతాయో ఎవరికీ పట్టదు. ఇరవై ఏళ్ల నాటి తెలుగు చదువుకోవడానికి ఇన్ని పాట్లా? డీటీపీ సెంటర్ల అటకల మీద ఇలాంటి డిస్కులు ఇంకెన్ని ఉన్నాయో!

అయ్యో, ఆ ఎస్‌ఎంపీఎస్ ఇచ్చింది పక్క షాపు అబ్బాయి, థాంక్స్ నాన్నా. అనూ నుంచి యూనికోడ్‌కి మార్చిపెట్టిన మా కొలీగ్‌కి కూడా. డిస్క్ ఒళ్లో పెట్టుకున్నానని గుంతల్లో మెల్లగా నడిపిన ఆటో అన్నకీ.

జముకుల కథ పాడిన కుటుంబాలవాళ్లు ఎవరైనా ఇది చూస్తే మెసేజ్ పెట్టండి, మీవాళ్ల రికార్డింగులు పంపిస్తాను.