కమ్యూనిటీ కాలేజీ అంటే ఇంటర్ కాలేజీ కాదండి

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను కాలిఫోర్నియాలో ఉంటానండి, ఇక్కడ ఉన్నా పొద్దున లేవగానే ఫోన్‌లో మన పేపర్ చూడందే తోచదు. విదేశీ చదువుల మీద మీరు వేసేవన్నీ చదువుతా. అన్నిట్లోనూ ఎంఎస్, జీఆర్ఈ, పెద్ద యూనివర్సిటీలు, బ్యాంక్ లోన్లు, ఇవే ఉంటాయి గానీ ఇక్కడి కమ్యూనిటీ కాలేజీల గురించి, అందులోనూ బయోటెక్ ల్యాబ్ ఉద్యోగాలకి వాళ్ళిచ్చే ట్రైనింగ్ గురించి నాకైతే ఎక్కడా కనపళ్ళేదు. అందుకే నేనే రాస్తున్నా, కాస్త పెద్ద ఉత్తరమే, వీలైతే కత్తిరించకుండా వేయండి.

నేను మన దగ్గరే బయోటెక్నాలజీలో ఎమ్మెస్సీ చేశా, ఫస్ట్ క్లాస్. పెళ్ళయ్యాక హెచ్ 4 వీసా (హెచ్ 1బీ ఉద్యోగుల భార్యాభర్తలకిచ్చేది) మీద వచ్చి ఆరేళ్ళు ఇంట్లోనే ఉన్నా, ఇద్దరు పిల్లలు, రోజులు ఎలా గడిచాయో తెలీదు. మావారి గ్రీన్ కార్డ్ ప్రాసెస్‌లో ఐ 140 అనే పిటిషన్ అప్రూవ్ అయ్యి నాకు ఈఏడీ, అంటే పని చేసుకునే పర్మిట్ వచ్చాక ఉద్యోగాలకి అప్లై చేయడం మొదలుపెట్టా. ఫోన్ ఇంటర్వ్యూల్లో నా మార్కులు ఎవరూ అడగలేదు. పిపెట్టింగ్ (కొద్ది ద్రవాన్ని కచ్చితంగా కొలిచి తీయడం) ఎంత చేశారు, అసెప్టిక్ టెక్నిక్ (క్రిములు చేరకుండా పనిచేయడం) వచ్చా, ఎస్ఓపీ (రాసిపెట్టిన పని పద్ధతి) చూసి పని చేసిన అనుభవం ఉందా, జీఎంపీ (మందుల తయారీలో పాటించాల్సిన నాణ్యత రూల్స్) డాక్యుమెంటేషన్ తెలుసా, ఇవీ ప్రశ్నలు. నిజం చెప్పాలంటే నా రెండేళ్ళ ఎమ్మెస్సీలో పీసీఆర్ మిషన్ (డీఎన్ఏ కాపీలు తీసేది) చుట్టూ ముప్పై మందిమి నిలబడి సార్ చేస్తుంటే చూశాం, అంతే. థియరీ అడిగితే అరగంట చెప్పగలను, చెయ్యమంటే చెయ్యలేను.

అప్పుడు పిల్లల స్కూల్ దగ్గర పరిచయమైన ఒకావిడ చెప్పింది, మా ఊళ్ళో కమ్యూనిటీ కాలేజీలో బయోటెక్ సర్టిఫికెట్ ఉంది, సాయంత్రం క్లాసులు కూడా ఉంటాయి అని. చేరతానంటే ఇంట్లో వాళ్ళు ముఖాలు చూసుకున్నారు. మా ఆడపడుచు ఫోన్‌లో అడిగేసింది, "ఎమ్మెస్సీ చేసి మళ్ళీ జూనియర్ కాలేజీకి వెళ్తావా వదినా?" అని. తన తప్పు కాదు లెండి. ఇక్కడ ఈ కాలేజీలని ఒకప్పుడు జూనియర్ కాలేజీలనే పిలిచేవాళ్ళు, 1901లో ఇలినాయ్‌లో మొదలైన జోలియెట్ కాలేజీకి ఇప్పటికీ జోలియెట్ జూనియర్ కాలేజ్ అనే పేరు. మన చెవికి జూనియర్ కాలేజీ అనగానే ఇంటర్మీడియట్, ఎంపీసీ, బైపీసీ గుర్తొస్తాయి కదా, ఆ పేరు దగ్గరే మనవాళ్ళు ఆగిపోతున్నారు. నిజానికి ఇది ఇంటర్ తర్వాత చదివేది, రెండేళ్ళు చేస్తే అసోసియేట్ డిగ్రీ, లేదా ఏడాదో అంతకన్నా తక్కువో చేస్తే సర్టిఫికెట్. ఆల్రెడీ డిగ్రీ, పీజీ ఉన్నవాళ్ళు కూడా పని నేర్చుకోవడానికి వచ్చి కూర్చుంటారు. నా క్లాసులో ఆర్మీ నుంచి బయటికొచ్చినాయన ఒకరు, పదేళ్ళు హెయిర్ సెలూన్‌లో పనిచేసినామె ఒకరు, హైస్కూల్ అయిపోయి నేరుగా వచ్చిన పిల్లలు నలుగురైదుగురు, ఇంకా నాలాగా వేరే దేశాల్లో డిగ్రీలు చేసి ఇంట్లో ఉండిపోయిన ఆడవాళ్ళం ముగ్గురం.

ఫీజు గురించి అందరూ అడుగుతారు కాబట్టి చెప్తున్నా. కాలిఫోర్నియాలో రెసిడెంట్లకి కమ్యూనిటీ కాలేజీ ఫీజు యూనిట్‌కి 46 డాలర్లు, అంటే 4 యూనిట్ల ల్యాబ్ క్లాసుకి 184 డాలర్లు, పుస్తకాలు, చిన్న చిన్న ఫీజులు అదనం. ఏడాదికి పైగా ఇక్కడే కాపురం ఉన్నాం కాబట్టి నాకూ ఆ ఫీజే పడింది. బయటి నుంచి వచ్చే స్టూడెంట్లకి చాలా ఎక్కువ పడుతుంది, ఒక్కో స్టేట్‌లో ఒక్కో లెక్క.

ఇక నేర్పేదేంటంటే, మొదటి రెండు వారాలు పిపెట్ తప్ప ఇంకోటి ముట్టుకోనివ్వలేదు. పైన బటన్ మొదటి స్టాప్ దాకా నొక్కి, టిప్‌ని లిక్విడ్‌లో కొంచెమే ముంచి, నెమ్మదిగా వదలాలి, బయటికి తోసేటప్పుడు రెండో స్టాప్ దాకా నొక్కాలి. వినడానికి ఇంతే, చెయ్యి కుదరడానికి నాకు నెల పట్టింది. ఆ తర్వాత బఫర్లు (పీహెచ్ మారకుండా నిలిపే ద్రావణాలు) చేయడం, పీహెచ్ మీటర్‌ని 4, 7, 10 బఫర్లతో క్యాలిబ్రేట్ చేయడం, సీరియల్ డైల్యూషన్లు (మెట్టుమెట్టుగా పలచన చేయడం), సెంట్రిఫ్యూజ్‌లో ట్యూబులు ఎదురెదురుగా సమానమైన బరువుతో పెట్టడం, ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల దగ్గర మీడియా (బ్యాక్టీరియా, కణాలు పెంచే పోషక ద్రవం) స్టెరిలైజ్ చేయడం. తుడవడానికి 95 శాతం ఆల్కహాల్ కాకుండా 70 శాతం ఎందుకు వాడతామో కూడా అక్కడే సరిగ్గా తెలిసింది, క్రిముల ప్రోటీన్లు దెబ్బతినాలంటే కాస్త నీళ్ళు కూడా ఉండాలి, మరీ ఘాటుగా ఉంటే త్వరగా ఆవిరైపోతుంది కూడా. రెండో సెమిస్టర్‌లో ఈ-కోలై అనే బ్యాక్టీరియాలోకి జెల్లీఫిష్ నుంచి తీసిన జీన్ ఉన్న ప్లాస్మిడ్ (చిన్న డీఎన్ఏ రింగు) ఎక్కించి, అవి పెరిగాక ఆ జీన్ తయారుచేయించే ఆకుపచ్చగా మెరిసే ప్రోటీన్‌ని కాలమ్ మీద ప్యూరిఫై చేశాం. యూవీ లైట్ కింద ఆ ట్యూబు ఆకుపచ్చగా వెలిగినప్పుడు నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయండి, ఎమ్మెస్సీలో దీని మీద పది మార్కుల ప్రశ్న రాశా, కానీ ట్యూబు చేత్తో పట్టుకోవడం అదే మొదటిసారి. 1982లో అనుమతి వచ్చిన హ్యూమన్ ఇన్సులిన్‌ని కూడా ఈ-కోలైలోనే జీన్ పెట్టి తయారు చేశారు, ఈ రోజు పెద్ద పెద్ద ట్యాంకుల్లో చేసే పనికి ఓనమాలు మేము చేసిన ఆ చిన్న ట్యూబులోనే ఉన్నాయి.

కానీ నేను అసలు రాయాలనుకున్నది ఇదేం కాదు, నోట్‌బుక్ గురించి.

పిపెట్ సరిగ్గా పనిచేస్తుందో లేదో చూడ్డానికి నీళ్ళు తూకం వేస్తాం, 100 మైక్రోలీటర్ల నీళ్ళు తీస్తే దాదాపు 100 మిల్లీగ్రాములు రావాలి, అలా పదిసార్లు. నాకు 99, 101, 100 ఇలా వస్తూ మధ్యలో ఒకసారి 92 వచ్చింది. నేను దాన్ని వదిలేసి ఇంకోసారి తీసి 100 వస్తే అది రాశా, అది కూడా ముందు చిత్తు కాగితం మీద రాసుకుని, ఇంటికెళ్ళి నోట్‌బుక్‌లోకి చక్కగా ఫెయిర్ చేశా. మన దగ్గర రికార్డులు అలాగే కదండీ రాసేది. సీనియర్ల రికార్డు తెచ్చుకుని, రీడింగులు కూడా అందులోవే దించి, కొట్టివేతలు లేకుండా రాసి, సంతకం పెట్టించుకుంటే ఇరవైకి ఇరవై. మా మేడమ్ నా నోట్‌బుక్ చూసి, ఆ చిత్తు కాగితం ఏదమ్మా అని అడిగారు. పారేశానన్నా. ఏదైనా రీడింగ్ తేడాగా వచ్చిందా అని అడిగారు, వచ్చిందన్నా. ఆవిడ కోప్పడలేదు, కూర్చోబెట్టి చెప్పారు, ఆ 92 నీ తప్పు కాకపోవచ్చు, పిపెట్ లోపల సీల్ పోయి ఉండొచ్చు, నువ్వు ఆ అంకె దాచేస్తే రేపు అదే పిపెట్‌తో ఇంకొకరు మందు టెస్ట్ చేస్తారు, ఆ మందు పేషంట్‌కి వెళ్తుంది అని. ఆ రోజు నాకు సున్నా వేశారు. రాత్రి నిద్ర పట్టలేదు, మార్కు పోయినందుకు కాదు, ఇన్నేళ్ళు నేను నేర్చుకున్నది సైన్స్ చేయడం కాదు, సైన్స్ చేసినట్టు రాయడం అని అర్థమైనందుకు.

అక్కడి రూల్స్ చిన్నవే. పని చేస్తుండగానే రాయాలి, తర్వాత కాదు. పెన్నుతోనే రాయాలి. తప్పు రాస్తే ఒక్క గీత మాత్రమే కొట్టాలి, కింద రాసింది కనపడుతూ ఉండాలి, పక్కన ఇనిషియల్స్, తేదీ, ఎందుకు కొట్టామో కారణం. వైట్‌నర్ క్లాస్‌లోకే రానివ్వరు. ఎవరు చేశారో తెలియాలి, చదవగలిగేలా ఉండాలి, అప్పుడే రాసింది అయి ఉండాలి, ఒరిజినల్ అయి ఉండాలి, కరెక్ట్‌గా ఉండాలి, ఈ అయిదింటి ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు కలిపి ఆల్కోవా అంటారు. అమెరికాలో మందులు తయారుచేసే ప్రతి కంపెనీకీ ఎఫ్‌డీఏ జీఎంపీ రూల్స్ ఉన్నాయి, చేసిన ప్రతి టెస్టు పూర్తి డేటా, బాగా వచ్చిందీ రానిదీ మొత్తం ఉండాలని వాటిల్లో రాసి ఉంది. మన దేశంలో కొన్ని మందుల ప్లాంట్లకి ఎఫ్‌డీఏ పంపిన వార్నింగ్ లెటర్లు వాళ్ళ వెబ్‌సైట్‌లోనే ఉంటాయి, చదవండి ఎవరైనా, డేటా ఇంటిగ్రిటీ (అంకెలు దాచకుండా, మార్చకుండా ఉంచడం) అనే మాట ఎన్నిసార్లు వస్తుందో. వాటిని చదివినప్పుడల్లా నాకు మన రికార్డులే గుర్తొస్తాయి. మన డిగ్రీ కాలేజీల్లో పీసీఆర్ మిషన్ కొనడానికి డబ్బుల్లేకపోవచ్చు, ఒప్పుకుంటా, కానీ ఫెయిర్ రికార్డు మానేసి, కొట్టివేతలతో ఉన్న అసలు నోట్‌బుక్‌కే మార్కులు వేయడానికి పైసా ఖర్చు కాదు. లెక్చరర్లు ఎవరైనా ఇది చదువుతుంటే చేతులెత్తి దణ్ణం పెట్టి అడుగుతున్నా, ఒక్క బ్యాచ్‌తో చేసి చూడండి.

ఈ చదువు ఎవరో సరదాకి పెట్టింది కాదని కూడా చెప్పాలి. 1992లో ఇక్కడి పార్లమెంటు ఒక చట్టం చేసింది, దాని కింద నేషనల్ సైన్స్ ఫౌండేషన్ టెక్నీషియన్ల చదువు కోసం ముఖ్యంగా రెండేళ్ళ కాలేజీలకి డబ్బులిస్తోంది. ఆ డబ్బుతోనే 1998లో శాన్‌ఫ్రాన్సిస్కో సిటీ కాలేజీలో బయో లింక్ అనే బయోటెక్ చదువుల సెంటర్ వచ్చింది, ఇప్పుడు ఆస్టిన్ కమ్యూనిటీ కాలేజీ దగ్గర ఇన్నొవేట్‌బయో ఉంది. నార్త్ కరోలినాలో బయోవర్క్ అని హైస్కూల్ చదువుతోనే చేరగలిగే చిన్న కోర్సు ఉంది. ఇక్కడ కాలిఫోర్నియాలో మిరాకోస్టా, సొలానో కాలేజీల్లో అయితే బయోమాన్యుఫాక్చరింగ్‌లో బ్యాచిలర్స్ డిగ్రీ కూడా ఇస్తున్నారు.

ఉద్యోగం ఎలా ఉంటుందో దాచకుండా చెప్తా. నాకు సర్టిఫికెట్ అయ్యాక నాలుగు నెలలకి ఒక కంపెనీ క్యూసీ (మందుల నాణ్యత పరీక్షించే) ల్యాబ్‌లో వచ్చింది, అది కూడా స్టాఫింగ్ ఏజెన్సీ ద్వారా ఏడాది కాంట్రాక్టు, తర్వాతే పర్మనెంట్ చేశారు. మా బ్యాచ్‌లో కొందరు మాన్యుఫాక్చరింగ్‌లో చేరారు, కొందరు మీడియా ప్రెప్‌లో. జీతం గంటల లెక్కన, సాఫ్ట్‌వేర్ జీతాలతో పోల్చుకుంటే బాధపడతారు. సెల్స్‌కి శని ఆదివారాలు తెలీవు కాబట్టి వీకెండ్ షిఫ్టులు, నైట్ షిఫ్టులు ఉంటాయి. గౌనింగ్ చేసుకుని (ఒళ్ళంతా కప్పే ల్యాబ్ డ్రెస్ వేసుకుని) గంటల తరబడి నిలబడాలి. ఈ ఫీల్డ్‌లో లేఆఫ్‌లు కూడా ఉన్నాయి. రీసెర్చ్ చేసి సైంటిస్ట్ అవ్వాలంటే పైచదువు తప్పదు. అయినా నేను రోజూ ఇష్టంగా వెళ్తున్నా, నేను సంతకం పెట్టిన టెస్టు పాసైతేనే ఆ మందుల లాట్ (బ్యాచ్) కదులుతుంది.

ఒక్క హెచ్చరిక మాత్రం తప్పకుండా వేయండి, దీనికోసం మిగతావి తీసేసినా పర్వాలేదు. ఇండియా నుంచి ఎఫ్ 1 (స్టూడెంట్) వీసా మీద నేరుగా కమ్యూనిటీ కాలేజీకి వద్దామనుకునే పిల్లలు, ఎవరో ఏజెంట్ చవక అన్నాడని వచ్చేయకండి. అసోసియేట్ డిగ్రీ మీద ఓపీటీ (చదువయ్యాక ఉద్యోగం చేసుకోనిచ్చే అనుమతి) 12 నెలలే, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్) వాళ్ళకిచ్చే 24 నెలల పొడిగింపు బ్యాచిలర్స్, ఆపైన డిగ్రీలకే. హెచ్ 1బీ ఉద్యోగ వీసాకి కూడా మామూలుగా బ్యాచిలర్స్ కావాల్సిన ఉద్యోగమే చూపించాలి, టెక్నీషియన్ ఉద్యోగాలు చాలావరకు అందులోకి రావు. రెండేళ్ళు ఇక్కడ చదివి యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ అవ్వడం వేరే దారి, దానికి ముందే ప్లాన్ ఉండాలి.

నేను చెప్పేది ఎక్కువగా ఇప్పటికే ఇక్కడ ఉన్న మన ఆడపిల్లలకి. బీఎస్సీ మైక్రోబయాలజీ, బీఫార్మసీ, ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ చేసి, వంటింట్లో ఉండి నా చదువు పాతబడిపోయింది అనుకుంటున్న వాళ్ళు నాకు తెలిసే బోలెడుమంది ఉన్నారు. హెచ్ 4 మీద చదువుకోవచ్చు, దానికి ఈఏడీ అక్కర్లేదు, ఉద్యోగానికీ జీతం వచ్చే ఇంటర్న్‌షిప్‌కీ మాత్రం కావాలి. ఒకేసారి మొత్తం కోర్సు తీసుకోనక్కర్లేదమ్మా, ఒక్క క్లాసుతో మొదలుపెట్టండి, నేను అలాగే పెట్టా, వారానికి రెండు సాయంత్రాలు, ఆ రెండు రోజులూ మావారు పిల్లలకి అన్నం పెట్టి పడుకోబెట్టేవారు. మీ దగ్గరి కాలేజీలో బయోటెక్ డిపార్ట్‌మెంట్ ఉంటే కౌన్సెలర్‌ని కలిసి మీ ఇండియా మార్కుల లిస్టులు చూపించి ఏ క్లాసులు మినహాయిస్తారో అడగండి. అంతకన్నా ముందు ల్యాబ్ ఎన్ని గంటలు ఉంటుందో, పిపెట్లు ఒక్కొక్కరికీ ఇస్తారో నలుగురికి ఒకటిస్తారో అడగండి.

ఇట్లు
మీ పాఠకురాలు, కాలిఫోర్నియా